సింహము గర్జించేది ఎప్పుడు?

ప్రతి వారమూ ఒక వాక్యభాగాన్ని తీసుకొని ధ్యానించుకుంటున్నాం. ఈ వారం మాత్రం ఒక జంతువును గూర్చి మాట్లాడాలని ఉంది. ఆ జంతువు సింహం. అయ్యగారికి ఏమైంది, ప్రసంగం మాని జంతుప్రదర్శనశాల సంగతులు చెబుతున్నారేమిటి అనుకోకండి. సింహాన్ని గూర్చి నేనొక తప్పు మాట చెప్పాను. దాన్ని సరిదిద్దుకోవలసిన బాధ్యత నా మీద ఉంది.

తిరువూరులో మూడు రోజుల ఉజ్జీవ కూటాలు జరిగాయి. రెండవ రాత్రి మొదటి పేతురు పత్రిక 5వ అధ్యాయం 8వ వచనం మీద మాట్లాడాను. అపవాది గర్జించే సింహమువలె తిరుగుచున్నాడని అపొస్తలుడు హెచ్చరించిన మాట మీకందరికీ తెలుసు. అక్కడ నేనొక ఉదాహరణ చెప్పాను. బహుశా మీరూ ఎక్కడో విని ఉంటారు. అడవిలో పళ్లూడిపోయిన ముసలి సింహం ఒకటి ఉంటుందట. వేటాడే శక్తి దానికి లేదు. అది ఒక ప్రక్కన నిలబడి గట్టిగా గర్జిస్తుందట. జింకలు బెదిరిపోయి ఎదురుదిక్కుకు పరుగెడతాయి. అక్కడ పొదల్లో ఆడసింహాలు పొంచి ఉండి వాటిని పట్టుకుంటాయట. కాబట్టి గర్జన విని పారిపోవద్దు, గర్జన వినబడిన వైపుకే పరుగెత్తండి అని నేను గొంతెత్తి చెప్పాను. జనం చప్పట్లు కొట్టారు. నాకూ సంతోషం వేసింది.

మరునాడు ఉదయం, రిటైరైన సైన్సు మాష్టారొకాయన నేను దిగిన ఇంటికి వచ్చారు. టీ త్రాగి, చాలాసేపు మామిడి పూత సంగతీ, వానల సంగతీ మాట్లాడారు. చివరికి నెమ్మదిగా అడిగారు: "అయ్యగారూ, ఆ ముసలి సింహం సంగతి మీరెక్కడ చదివారు?" చదవలేదు, ఒక పెద్ద దైవజనుని నోట విన్నాను అన్నాను. ఆయన తల ఊపి అసలు విషయం చెప్పారు. తొమ్మిదో తరగతి చదివే ఆయన మనవడు కొన్నాళ్ల క్రితం ఇదే కథను మరొక ప్రసంగంలో విని, బడిలో గొప్పగా చెప్పాడట. టీచరు అది నిజం కాదని వివరిస్తే తోటి పిల్లలు నవ్వారట. ఇంటికి వచ్చి తాతగారిని వాడడిగిన ప్రశ్న ఇది: "తాతయ్యా, సింహం సంగతి ఉత్తదే అయితే, దానియేలు సంగతి కూడా అంతేనా?"

"వాడికి నేనేం చెప్పమంటారు?" అని మాష్టారు నన్నడిగారు.

ప్రియులారా, ఆ ప్రశ్న విన్న తరువాత మూడవ రాత్రి నేను ఏమి ప్రసంగించానో నాకే సరిగా గుర్తు లేదు. ఇంటికి వచ్చి సింహాలను గూర్చి చదవడం మొదలుపెట్టాను. అలా తెలుసుకున్నవాటిలో కొన్ని మీతో పంచుకుంటాను.

మొదట మన సంగతి చూద్దాం. తిరువూరు ప్రాంతపు కొండల్లో గానీ, నల్లమలలో గానీ, పాపికొండలలో గానీ సింహం లేదు. పెద్దపులి ఉంది, చిరుతపులి ఉంది, ఎలుగుబంటి ఉంది. మన దేశంలో సింహాలు తిరిగిన ప్రాంతానికి దక్షిణపు హద్దు నర్మదా నది అని జంతుశాస్త్రజ్ఞులు సాధారణంగా చెబుతారు. అంటే మన తాతముత్తాతలు పొలం గట్టున సింహాన్ని చూసినవారు కారు. అయినా మన భాష నిండా సింహమే. రాజు కూర్చుంటే సింహాసనం, ఇంటి పెద్ద గుమ్మం సింహద్వారం, శత్రువు గుండెల్లో సింహస్వప్నం, వెనుదిరిగి చూసుకుంటే సింహావలోకనం. పంపకంలో పెద్ద వాటా సింహభాగం. మన ప్రక్కనే కృష్ణ ఒడ్డున వేదాద్రి, ఆవల మంగళగిరి, దూరాన సింహాచలం, యాదగిరిగుట్ట, ఇవన్నీ హిందూ సోదరులు నరసింహుని పేర ఆరాధన చేసుకునే స్థలాలు. మన సంఘాల్లో కూడా తాతల నాటి నరసయ్యలు, సింహాచలాలు బాప్తిస్మపు పేర్ల ప్రక్కన ఇంకా వినబడుతూనే ఉంటారు. ఇక సినిమాల సంగతి చెప్పనక్కరలేదు. 1999లో సమరసింహారెడ్డి, 2001లో నరసింహనాయుడు, 2003లో సింహాద్రి.

చరిత్రలో వెనక్కి వెళితే, కృష్ణా గోదావరీ తీరాలను ఏలిన విష్ణుకుండిన రాజులు తమ నాణేలపై సింహపు బొమ్మ ముద్రించారు. అంతకు పూర్వమే అమరావతి స్తూపం దగ్గర శిల్పులు కావలి సింహాలను చెక్కారు. వాటిలో కొన్ని ఈనాడు లండనులోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఈ మ్యూజియాన్ని గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరకు వస్తాను. మీ జేబులో ఉన్న రూపాయి నాణెం తీసి చూడండి. సారనాథ్‌లో అశోకుడు నిలిపిన స్తంభపు సింహాలు దాని మీద ఉన్నాయి. 1950 జనవరి 26న అది మన జాతీయ చిహ్నమైంది. జాతీయ జంతువుగా కూడా 1970ల ఆరంభం వరకు సింహమే ఉండేది. ఆ తరువాత ఆ స్థానం పెద్దపులికి ఇచ్చారు.

గమనించారా? సింహాన్ని మనం రాతిలోనూ, నాణెం మీదా, తెర మీదా చూశాం. చెట్టు క్రింద పడుకున్న సింహాన్ని చూడలేదు. అందుకే సింహం గురించి ఎవరు ఏమి చెప్పినా నమ్మేస్తాం. ఎద్దు గురించి ఎవరైనా తప్పు చెబితే తిరువూరు రైతు ఊరుకుంటాడా?

సరే, అడవిలోని సింహం ఎట్లా బ్రతుకుతుంది? ముందుగా, అది చాలా సోమరిగా కనబడుతుంది. రోజుకు ఇరవై గంటల దాకా పడుకొనో, కునుకు తీస్తూనో గడుపుతుంది. ఆఫ్రికాలో సింహాలు గుంపుగా ఉంటాయి. ఆ గుంపుకు వెన్నెముక ఆడసింహాలే. తల్లులు, కూతుళ్లు, అక్కచెల్లెళ్లు, పినతల్లులు కలిసి ఒకేచోట ఉంటారు. మగవి బయటినుండి వస్తాయి, రెండు మూడు సంవత్సరాలు ఏలుబడి చేసి, తమకంటే బలమైనవి రాగానే వెళ్లగొట్టబడతాయి. కొత్తగా వచ్చిన మగసింహం చాలాసార్లు పాత సింహపు పిల్లలను చంపేస్తుంది. వినడానికి బాధగా ఉంటుంది గానీ, ఇదే వాస్తవం. పుట్టిన పిల్లల్లో సుమారు సగం రెండేళ్లు నిండకుండానే చనిపోతాయి.

వేట చేసేది ఎక్కువగా ఆడసింహాలే. అయితే మగవి ఉత్తగా కూర్చుని తింటాయనే మాట కూడా పూర్తిగా నిజం కాదు. దట్టమైన పొదలున్న చోట మగసింహాలు ఒంటరిగా మాటువేసి బాగానే వేటాడతాయని ఇటీవలి పరిశోధనలు చూపించాయి. మృగరాజు కదా, తలచుకుంటే చాలు ఆహారం దొరుకుతుందనుకుంటాం. నాలుగుసార్లు ప్రయత్నిస్తే మూడుసార్లు ఉత్త చేతులతో తిరిగి రావడం దానికి మామూలే. ఎందుకంటే సింహం ఎక్కువ దూరం పరుగెత్తలేదు. దానికి దమ్ము తక్కువ. కాబట్టి గడ్డిలో పొట్ట నేలకు ఆనించి, అడుగులో అడుగు వేసుకుంటూ, వేటకు అతి దగ్గరగా చేరితే తప్ప లాభం లేదు.

ఇక్కడే మన ముసలి సింహం కథ కూలిపోతుంది. వేటకు బయలుదేరి పొంచి ఉన్న సింహం గర్జించదు. చప్పుడు చేస్తే ఆకలితో పడుకోవలసిందే. గర్జించడం వేరే పని కోసం. ఇది మా సరిహద్దు, ఇటు రావద్దు అని పొరుగు సింహాలకు చెప్పడానికి, చీకట్లో విడిపోయిన తనవారికి నేనిక్కడున్నాను అని చెప్పడానికి. మగవీ గర్జిస్తాయి, ఆడవీ గర్జిస్తాయి. ఎక్కువగా రాత్రివేళ, తెల్లవారుజామున. గాలి అనుకూలంగా ఉంటే ఆ శబ్దం ఎనిమిది కిలోమీటర్ల దాకా వినబడుతుందంటారు.

మరి పళ్లు పాడైన సింహం ఏం చేస్తుంది? దీనికొక నిజమైన ఉదాహరణ ఉంది, అందులో మన దేశస్థులే ఉన్నారు. 1898లో తూర్పు ఆఫ్రికాలో, నేటి కెన్యా దేశంలో, సావో నది మీద రైలు వంతెన కడుతున్నారు. ఆ పనికి భారతదేశం నుండి వేలమంది కూలీలను తీసుకువెళ్లారు. జూలు లేని రెండు మగసింహాలు రాత్రివేళ గుడారాల్లోకి దూరి మనుష్యులను ఎత్తుకుపోవడం మొదలుపెట్టాయి. నెలల తరబడి అలా జరిగింది. ఆ డిసెంబరులో ప్యాటర్సన్ అనే ఇంజినీరు వాటిని కాల్చి చంపాడు. ఆ సింహాల పుర్రెలు అమెరికాలోని చికాగో నగరపు ఫీల్డ్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిని పరీక్షించినప్పుడు, ఒకదానికి కోరపన్ను విరిగి, దాని మూలంలో చీము పట్టి ఉన్నట్లు తేలింది. పెద్ద జంతువును పట్టి నిలువరించలేని సింహం సులభంగా దొరికే మనిషి వైపు తిరిగి ఉండవచ్చునని కొందరు శాస్త్రజ్ఞుల అభిప్రాయం. చూశారా, పన్ను పాడైన సింహం దగ్గరకు పరుగెత్తమని నేను తిరువూరులో జనానికి చెప్పాను!

ఇప్పుడు బైబిలు తెరుద్దాం. నన్ను ఆశ్చర్యపరచినది ఇక్కడే ఉంది. నేను తప్పు చెప్పాను గానీ, లేఖనం తప్పు చెప్పలేదు. కీర్తనలు 10:9, 17:12 చూడండి. సింహం చాటైన చోట పొంచి ఉంటుందని అక్కడ చెప్పబడింది. యోబు 38వ అధ్యాయం చివర కూడా అదే మాట. 104వ కీర్తనలో రాత్రివేళ సింహపు పిల్లల గర్జన వినబడుతుంది, సూర్యుడు ఉదయించగానే అవి వెళ్లి తమ గుహలలో పడుకుంటాయి, అప్పుడు మనిషి పనికి బయలుదేరతాడు. రాత్రి వాటిది, పగలు మనిషిది. ఏ పరిశోధకుడైనా ఇంతకంటే చక్కగా చెప్పలేడు. ఆమోసు ప్రవక్త అయితే స్వయంగా గొర్రెల కాపరి. సింహం నోటినుండి కాపరి రెండు కాళ్లనో, చెవి ముక్కనో విడిపిస్తాడని 3:12లో ఆయన అన్నాడు. చచ్చిపోయిన గొర్రె చెవి ముక్క ఎందుకు? నిర్గమకాండము 22:13 చదివితే తెలుస్తుంది. మృగం చీల్చిన దానిని సాక్ష్యంగా తెచ్చి చూపితే కాపరి నష్టపరిహారం కట్టనక్కరలేదు. ఈనాడు గుజరాత్‌లో సింహం పశువును చంపితే, అటవీశాఖవారు వచ్చి కళేబరాన్ని చూసి, పశువు యజమానికి పరిహారం ఇస్తారు. సాక్ష్యం చూపవలసిన అవసరం మాత్రం మారలేదు.

ఆ భక్తులు సింహాలున్న దేశంలో బ్రతికారు. యొర్దాను నది ఒడ్డు పొదల్లోనుండి సింహం పైకి వస్తుందని యిర్మీయా వ్రాశాడు. మనకు సింహం, కేసరి, మృగరాజు అని ఉన్న పేర్లన్నీ సంస్కృతం నుండి తెచ్చుకున్నవి. హెబ్రీ భాషలో అయితే యోబు 4వ అధ్యాయం 10, 11 వచనాలలోనే సింహానికి ఐదు వేర్వేరు మాటలున్నాయి. మన రైతు కోడె, ఎద్దు, ఆబోతు, గిత్త, దూడ అని వేరు చేసి చెప్పినట్లన్నమాట. షోమ్రోనులో జనం చెరపట్టబడి దేశం పాడుబడినప్పుడు అక్కడ సింహాలు వచ్చాయని రెండవ రాజులు 17లో ఉంది. అది దేవుని తీర్పుగా అక్కడ చెప్పబడింది. ఊళ్లు ఖాళీ అయినచోటికి అడవి మృగాలు తిరిగి రావడం నేటికీ చూస్తున్నదే. ఆ దేశంలో సింహాలు మధ్యయుగాల వరకు ఉండి, ఆ తరువాత అంతరించాయి. సమ్సోను చీల్చినది, దావీదు గొర్రెపిల్లను విడిపించినది, గుజరాత్ గిర్ అడవిలో ఉన్న సింహాల బంధువర్గం నుండే.

ఇక మనవడి ప్రశ్న, దానియేలు. రాజు దగ్గర అన్ని సింహాలు ఎందుకు ఉంటాయి? బ్రిటిష్ మ్యూజియాన్ని గుర్తుంచుకోమన్నాను కదా. మన అమరావతి సింహం ఉన్న ఆ మ్యూజియంలోనే నీనెవె నుండి తెచ్చిన రాతి పలకలున్నాయి. అష్షూరు రాజైన అషుర్బనిపాలు సింహాలను వేటాడే దృశ్యాలు వాటి మీద చెక్కారు. క్రీస్తుకు పూర్వం సుమారు 645 నాటివి. వాటిలో ఒకచోట బోనులో ఉన్న సింహం బయటికి వస్తుంది, బోను మీద నిలబడ్డ ఒకడు తలుపు పైకెత్తుతున్నాడు. అంటే ఆ దేశపు రాజులు సింహాలను పట్టి బంధించి, వేట కోసం విడిచేవారన్నమాట. నెబుకద్నెజరు కట్టించిన బబులోను ఊరేగింపు వీధి గోడల నిండా రంగు ఇటుకలతో చేసిన సింహాలు బారులు తీరి ఉండేవి. అటువంటి రాజధానిలో సింహాలను ఉంచిన గుహ ఒకటి ఉండటం వింత కాదు. దానియేలును అవి ముట్టకపోవడమే అద్భుతం. అది నమ్మడమా మానడమా అనేది విశ్వాసానికి సంబంధించినది. రాళ్లు అంతవరకు రుజువు చేయలేవు, చేస్తాయని నేను చెప్పను. కానీ బాబూ, ఆ కథ జరిగిన చోటును గూర్చి అందులో వ్రాసినవాడు నాలాగా చెప్పుడు మాటలు విని వ్రాయలేదు.

మరి పేతురుగారి మాటో? రాత్రి గర్జన విన్న కాపరి ఏమి చేస్తాడో ఆలోచించండి. సింహం ఈ చుట్టుప్రక్కలే ఉందని తెలుసుకుంటాడు. దాని వైపు పరుగెత్తడు, మందను విడిచి పారిపోడు. నిప్పు రాజేసి మేలుకొని కూర్చుంటాడు. అపొస్తలుడు అదే వచనంలో ముందుగా చెప్పినది కూడా మెలకువగా ఉండమనే. ఇన్నాళ్లూ గర్జన మీద కథ చెప్పే తొందరలో ఆ మొదటి మాటను నేను దాటిపోయాను.

శ్రోతలారా, ఇంకొక్క సంగతి. ఇంత భయంకరమైన ఈ మృగం ఈనాడు ఎంత బలహీనమైన స్థితిలో ఉందో మీరు వినాలి. ఒకప్పుడు ఇటు గంగా మైదానం నుండి అటు సిరియా దాకా ఉన్న ఈ జాతి, ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద గుజరాత్‌లోని సౌరాష్ట్రలో తప్ప మరెక్కడా అడవిలో లేదు. జునాగఢ్ నవాబులు వేటను అడ్డుకోకపోయి ఉంటే అక్కడ కూడా మిగిలేది కాదు. 1968లో లెక్కపెడితే 177. 2020లో 674. 2025 మే నెలలో 891. సంతోషమే. కానీ అన్నీ ఒకేచోట ఉన్నాయి. 2018లో కుక్కలకు వచ్చే డిస్టెంపర్ అనే జబ్బు సోకి గిర్‌లో కొద్ది వారాల్లోనే 20కి పైగా సింహాలు చనిపోయాయి. అదే జబ్బు 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో సుమారు మూడో వంతు సింహాలను పొట్టన పెట్టుకుంది. అందుకే గుడ్లన్నీ ఒకే బుట్టలో ఉంచకూడదన్నట్లు, కొన్నిటిని మధ్యప్రదేశ్‌లోని కూనోకు తరలించమని 2013లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. సింహాలు వెళ్లలేదు. 2022లో ఆ కూనోకే ఆఫ్రికా నుండి చీతాలు వచ్చాయి. నాకైతే ఇది న్యాయంగా అనిపించదు. 2023లో మాత్రం ఒక సింహం ఎవరూ తరలించకుండానే నడుచుకుంటూ పోర్‌బందర్ దగ్గరున్న బర్డా కొండలకు చేరింది. ఒక శతాబ్దానికి పైగా అక్కడ సింహం లేదు.

మన హైదరాబాదు సంగతి కూడా చెప్పాలి. 2021 మే నెలలో, కరోనాతో మన ఇళ్లల్లో ఏడుపులు వినబడుతున్న రోజుల్లో, నెహ్రూ జంతుప్రదర్శనశాలలోని 8 సింహాలకు ఆ జబ్బే సోకినట్లు సీసీఎంబీ శాస్త్రజ్ఞులు తేల్చారు. అవి కోలుకున్నాయి. చెన్నై దగ్గర వండలూరులో ఆ జూన్‌లోనే రెండు చనిపోయాయి. మనుష్యుల నుండే సోకి ఉంటుందని అనుకున్నారు. అలాగని వాటిని పెంపుడు పిల్లులుగా ఎంచకూడదు. 2024 ఫిబ్రవరిలో తిరుపతి జంతుప్రదర్శనశాలలో సింహపు ఆవరణలోకి దూకిన వ్యక్తి ప్రాణం పోగొట్టుకున్నాడు.

గిర్ చుట్టుప్రక్కల రైతులు మాత్రం వాటితో బ్రతకడం నేర్చుకున్నారు. సగానికి పైగా సింహాలు ఇప్పుడు రక్షిత అడవికి వెలుపల, పొలాల్లో, మామిడి తోటల్లో తిరుగుతున్నాయి. అవును, మామిడి తోటల్లోనే. పశువుల కాపరులు చేతికర్రతో వాటి ప్రక్కనుండే మందను తోలుకుపోతారు. సింహాలకు అక్కడ పెద్ద గండం వేటగాళ్లు కాదు, గట్టు లేని నేలబావులు. రాత్రి చీకట్లో వాటిలో పడి చనిపోయేవి. అందుకని అటవీశాఖవారు వేలకొలది బావులకు గోడలు కట్టించారు. బెనాయా మంచు కురిసిన దినమున గోతిలో దిగి సింహాన్ని చంపిన సంగతి చదివినప్పుడల్లా, ఆ సింహం గోతిలోకి ఎలా వచ్చిందా అనుకునేవాణ్ణి. ఇప్పుడు కొంచెం ఊహించగలను.

మాష్టారూ, మీరు వెళుతూ గుమ్మం దగ్గర మరొక ప్రశ్న వేశారు. ముసలి సింహం గర్జిస్తూ కూర్చోకపోతే మరి దాని గతి ఏమిటని. ఇప్పుడు చెబుతాను. గుంపును కాపాడే బలం ఉడిగిన మగసింహాన్ని పడుచు సింహాలు తరిమేస్తాయి. ఆ తరువాత దానికి వేట పట్టి పెట్టేవారు ఎవరూ ఉండరు. పరాయి సరిహద్దుల్లో తిరుగుతుంది కనుక, దొరికిపోతాననే భయంతో గర్జించడం కూడా చాలావరకు మానేస్తుంది. గాయాలతోనో ఆకలితోనో ఒంటరిగా చనిపోతుంది. అడవిలో మగసింహం పన్నెండేళ్లు దాటి బ్రతకడం అరుదు. మీ మనవడికి ఈ సంగతి చెప్పండి. తిరువూరు అయ్యగారు చెప్పినది తప్పని ఆయనే రేడియోలో ఒప్పుకున్నాడని కూడా చెప్పండి. వాడికి ఇంకా ఏవైనా ప్రశ్నలుంటే ఒక కార్డు వ్రాయమనండి. తెలిస్తే జవాబిస్తాను, తెలియకపోతే ఈసారి చదివి చెబుతాను.